నాలుగు సిలిండర్లకీ ఒకటే అంకె

ఆయన్ని అందరూ ఊపిరి మేస్త్రీ అంటారు. అసలు పేరు షెడ్డు బోర్డు మీద ఉండేది గానీ ఎండకి వెలిసిపోయి, ఇప్పుడక్కడ ఉత్త రేకు మిగిలింది. కారు బలం తగ్గింది, ఎత్తు ఎక్కడం లేదు అంటూ ఎవరొచ్చినా ఆయన ముందు ఇంజన్ ఊపిరి చూస్తాడు. ఆ తర్వాతే నోరు విప్పుతాడు. "జ్వరం ఎంతుందో చూడకుండా మందు రాసే రకం కాదు నేను" అంటాడు.

నాకు బండి నడపడం రాదు. ఆయన షెడ్డు ముందున్న చెక్క బల్ల మీద కూర్చుని వినడం వచ్చు. ఇందులో కొంత నేను చూసింది, మిగతాది ఆయనా, ఆయన కూతురూ చెప్పింది.

ఊపిరి చూడటమంటే పెద్ద విద్యేమీ కాదు. పెట్రోలు ఇంజన్‌లో మామూలుగా నాలుగు సిలిండర్లుంటాయి. ఒక్కోదాన్నీ ఒక ఇనుప గొట్టం అనుకోండి. లోపల పిస్టన్ కిందికి దిగుతూ గాలి పీలుస్తుంది, పైకి వస్తూ ఆ గాలిని అదుముతుంది. ఎంత గట్టిగా అదిమితే బండికి అంత బలం. మేస్త్రీ నాలుగు ప్లగ్గులూ విప్పేసి, ఒక కన్నానికి గేజీ గొట్టం బిగిస్తాడు. సీట్లో కూర్చున్న మనిషి తాళం తిప్పితే ఇంజన్ అంటుకోకుండా ఊరికే తిరుగుతుంది. చప్, చప్, చప్. చప్పుడుకొక మెట్టు చొప్పున గేజీ ముల్లు ఎక్కుతుంది. ఐదారు మెట్లెక్కి ఆగిపోతుంది. ఆగిన అంకెను ఆయన బానెట్ లోపలివైపు సుద్దముక్కతో రాస్తాడు. ఒంట్లో బాగున్న ఇంజనైతే ఆ అంకె నూట అరవై దరిదాపుల్లో ఉంటుంది.

ఈ పని ఆయనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఒక ముసలి మేస్త్రీ చేస్తుంటే గేజీ పక్కన నిలబడి చూసి పట్టుకున్నాడు. ముసలాయన "తిప్పు" అనేవాడు. సీట్లో ఎవరో తిప్పేవారు. ముల్లు ఎక్కేది. తన షెడ్డు పెట్టుకున్నాక ఆయనా "తిప్పు" అనడం మొదలుపెట్టాడు. తిప్పే పని ఆయన భార్య మీద పడింది. ఇరవై ఆరేళ్ళ పాటు ఆవిడ మీదే ఉంది.

కాపురం షెడ్డు వెనక రెండు గదుల్లోనే. ఆవిడ మిషను మీద బట్టలు కుట్టేది. మేస్త్రీ కేకేస్తే చేతిలో ఉన్న గుడ్డతో సహా వచ్చి సీట్లో కూర్చుని, ఒక సిలిండర్‌కీ ఇంకో సిలిండర్‌కీ మధ్య గుండీలు కుట్టుకునేది. బానెట్ పైకెత్తితే సీట్లో వాళ్ళకి ముందు నిలబడ్డ మనిషి కనపడడు. వాళ్ళ సంసారంలో సగం మాటలు ఆ రేకుకి అటొకరూ ఇటొకరూ ఉండగా జరిగినవే.

"తిప్పు."

"తిప్పుతూనే ఉన్నానండీ."

"ఇంకాస్త. ముల్లు సగంలో ఉంది."

"మీ ముల్లు గోల నాకెందుకు. పొద్దున తిన్న కంచం అక్కడే వదిలేసి వచ్చారు, ముందు ఆ సంగతి చెప్పండి."

"ఇంజన్ ముందు కంచం గొడవేంటే?"

"తెలియాలిగా పాపం దానికి కూడా, ఎలాంటి మనిషి చేతిలో పడిందో."

చప్, చప్, చప్. "నూట యాభై ఎనిమిది" అని సుద్దముక్క తీసేవాడాయన, కంచం మాట చెవిన పడనట్టు. బల్ల మీదున్న నేను నవ్వు ఆపుకునేవాణ్ణి.

పోయిన వానాకాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజున ఆసుపత్రిలోనే పోయింది.

నెల దాటాక మేస్త్రీ షెడ్డు తెరిచాడు. సీట్లో కూర్చోమని ఎవరినీ పిలవలేదు. రెండు తీగలూ, ఇళ్ళ గుమ్మాలకి పెట్టే బెల్ బటన్ ఒకటీ కొనుక్కొచ్చాడు. వాటిని స్టార్టర్‌కి తగిలించుకుని, గేజీ దగ్గరే నిలబడి తనే బటన్ నొక్కుకునేలా ఏర్పాటు చేసుకున్నాడు. "ఇక ఎవరి చేతా మాటలు పడక్కర్లేదు" అన్నాడు నాతో. నవ్విద్దామనే అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

అలవాటు మాత్రం పోలేదు. గేజీ బిగించి, తలుపు తీసి ఉన్న ఖాళీ సీటు వైపు చూడకుండానే "తిప్పు" అనేవాడు. అని, బటన్ నొక్కేవాడు. సీట్లో ఎవరూ లేరు. ఇంజన్ తిరిగేది. పట్టపగలు, వీధిలో జనం నడుస్తుండగా చూసినా నాకు ఒళ్ళు జలదరించేది.

ఆ ఏర్పాటుతో చూసిన మొదటి బండి ఒక రిటైరైన మాస్టారిది. ఎత్తు మీద ఆయాసపడుతోందని తెచ్చాడు. నాలుగు సిలిండర్లకీ నూట పదిహేనే వచ్చింది. మేస్త్రీ పెదవి విరిచి, "అరిగిపోయింది మాస్టారూ, దీని మీద ఇంకేమీ పెట్టకండి" అన్నాడు. మాస్టారు ఆ మాట పట్టుకుని బండిని తుక్కు కింద ఇచ్చేశాడు.

రెండోది ప్లగ్గులు మార్పించుకోవడానికి వచ్చిన బండి. బలం తగ్గిందని ఎవరూ అనలేదు. చేయి ఊరుకోక గేజీ పెట్టాడు. నూట పన్నెండు, నాలుగింటికీ. మూడో బండికి నూట పదహారు, నాలుగింటికీ. ఆయన సుద్దముక్క పట్టుకుని ఆ అంకెల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఒకే ఇంట్లో పెరిగిన నలుగురు అన్నదమ్ములు ఒకేలా ముసలివాళ్ళవుతారా?" అనడిగాడు నన్ను.

"అవరు."

"సిలిండర్లూ అంతే. ఒకటి ముందు అరుగుతుంది, ఒకటి మొండికేసి నిలబడుతుంది. నాలుగూ ఒకే అంకె చెబుతున్నాయంటే అరగలేదు. నలుగురూ కూడబలుక్కుని ఒకే మాట అంటున్నట్టుంది."

గేజీ పాడైందేమోనని కొత్తది తెచ్చాడు. కొత్తదీ అదే చెప్పింది. మందుల షాపాయన ఎనిమిది నెలల కిందట కొన్న కారు ఆయిల్ మార్చడానికి వస్తే, దానికీ పెట్టి చూశాడు. ఇంకా సీట్ల కవర్ల వాసన పోని బండి అది. నూట పద్దెనిమిది. నాలుగింటికీ.

అప్పుడాయన మొదటిసారి భయపడ్డాడు. ఆ కారునీ, కొత్త గేజీనీ తీసుకుని ఎదుటి షెడ్డుకి వెళ్ళాడు. ఎదుటి మేస్త్రీ ఆయన్ని వరసలేకుండానే బావా అంటాడు. వ్యాపారంలో పోటీ, టీ దగ్గర స్నేహం. "నువ్వోసారి చూసి పెట్టు" అని ఇచ్చేసి వచ్చాడు. గంట తర్వాత ఎదుటి మేస్త్రీ వీధి అవతలి నుంచే అరిచాడు.

"నూట అరవై మూడు బావా! రాయిలా ఉంది. దీనికేం రోగమని పంపావు?"

గేజీ మంచిదే. బండీ మంచిదే. అయితే తప్పు షెడ్డులో ఉండాలి. కారుని షెడ్డులోంచి వీధిలోకి నెట్టించి, ఎండలో నిలబడి తనే చూశాడు. నూట పదిహేడు. అంటే షెడ్డు కూడా కాదు. ఇక మిగిలింది ఆయనొక్కడే.

ఆ తర్వాత మేస్త్రీ పద్ధతే మారిపోయింది. ఇంజన్ ముట్టుకునే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. మాట మాట్లాడితే ఎదుటివాడి ముఖంలోకి కాకుండా ఛాతీ వైపు చూసేవాడు, ఊపిరి ఆడుతోందా అన్నట్టు. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి గేజీ గొట్టం నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగించి ఊదుతున్నాడు. ముల్లు కదల్లేదు. మనిషి ఊపిరికి అది కదలదని ఆయనకి తెలియనిదేం కాదు. అయినా ఆ పూట అన్నం ముట్టలేదు.

వీధిలో మాట ఎలా పాకుతుందో పాకింది. "ఏం బావా, నీ చెయ్యి పడితే బళ్ళకి నీరసం వస్తోందటగా? నా మీద చెయ్యెయ్యకు, అసలే ఉబ్బసం వాణ్ణి" అని ఎదుటి మేస్త్రీ ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. ఇంట్లో మనిషిని పంపించి వచ్చిన చెయ్యి కదా అని ఎవరో గొంతు తగ్గించి అన్నారు. దానికి ఎవరూ నవ్వలేదు.

"ఆవిడతో పాటే ఏదో పట్టుకుపోయింది. ఏంటో తెలియట్లేదు" అన్నాడు మేస్త్రీ నాతో.

అలాంటి రోజుల్లో ఒక శనివారం పొద్దున టాక్సీ అక్క వచ్చింది. ముగ్గురున్న ఇంటిని ఒక్క కారు మీద లాక్కొస్తున్న మనిషి. మేస్త్రీని అన్నయ్యా అంటుంది. చనిపోయినావిణ్ణి వదినా అనేది. ఎంత బరువైన సంగతైనా హాస్యంగా చెప్పడం ఆమెకి అలవాటు.

"నిన్న ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక సీట్లో ముసలాయన 'అమ్మా, దిగి నడిస్తే నీకంటే ముందు చేరతానేమో' అన్నాడన్నయ్యా. నిజంగానే చేరేవాడు. పెద్ద గ్యారేజీలో చూపిస్తే ఇంజన్ పోయిందన్నారు, వాళ్ళు పైకి చూసి అన్నారో లోపలకి చూసి అన్నారో. వాళ్ళ మాట నాకక్కర్లేదు. సాయంత్రం నాలుగింటికి తుక్కువాడు వస్తాడు. నువ్వు పోయిందంటే ఇచ్చేస్తా, ఉందంటే ఉంచుకుంటా. చెప్పు."

"గ్యారేజీ వాళ్ళు చెప్పారుగా, మళ్ళీ నేనెందుకు?"

"ఇన్నేళ్ళలో నువ్వు చూసి చెప్పింది ఎప్పుడైనా తప్పిందా?"

మేస్త్రీ మాస్టారి బండి మాట ఎత్తబోయి మింగేశాడు. చేతులు కడుక్కున్నాడు. ప్లగ్గులు విప్పాడు. గేజీ బిగించి, అలవాటు చొప్పున ఖాళీ సీటుకి "తిప్పు" అన్నాడు. టాక్సీ అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

నూట పద్నాలుగు. నూట పద్నాలుగు. నూట పద్నాలుగు. నాలుగోది కూడా. బానెట్ లోపల సుద్దతో ఆ అంకెను నాలుగుసార్లు రాశాడు.

"అంటే పోయినట్టేనా?"

పోయిందంటే సాయంత్రానికి ఆ బండి ముక్కలవుతుంది. లేదంటే ఏ ఆధారంతో లేదనాలి? ఆ అంకెలు బండివా తనవా అన్నది ఆయనకే తెలియదు. మళ్ళీ మొదటి సిలిండర్‌కి గేజీ బిగించి బటన్ నొక్కాడు. తీగ దగ్గర చిటపటమని నిప్పురవ్వలు లేచి, బటన్ కరిగి వేలికి అంటుకుంది.

అప్పుడే ఆయన కూతురు వచ్చింది. కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఆ రోజు సెలవు. తండ్రి వేలు పట్టుకుని చూసి, కుళాయి కింద పెట్టించి, అక్కడున్న ముగ్గురి ముఖాలూ చూసింది.

"ఏంటి నాన్నా, ఎవరైనా పోయారా?"

"ఇంకా తేలలేదే, నాలుగింటి దాకా టైముంది" అంది టాక్సీ అక్క.

"తల్లీ, ఓసారి లోపల కూర్చుని తాళం తిప్పమ్మా" అన్నాడు మేస్త్రీ. గొంతులో నమ్మకం ఏమీ లేదు.

ఆ అమ్మాయి వెళ్ళి కూర్చుంది. "తిప్పు" అన్నాడు. చప్, చప్, చప్, చప్. ముల్లు మొదటి మెట్టులోనే పాత లెక్క దాటింది. నూట ముప్ఫై. నూట నలభై ఐదు. నూట అరవై దగ్గర ఆగింది.

మేస్త్రీ గేజీని వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏం చేశావు?"

"తాళం తిప్పాను."

"ఇంకా?"

"ఇంకేం చేస్తాను నాన్నా. మామూలుగానే, కాలు కిందికంటా తొక్కి తిప్పాను."

"ఏ కాలు? దేని మీద?"

"ఎక్సలేటర్ మీద. అమ్మ అలాగేగా తొక్కేది. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చుంటే నా కాలి మీద తన కాలు పెట్టి తొక్కించేది. నువ్వే చెప్పావనుకున్నాను."

"నేనెప్పుడూ చెప్పలేదే" అన్నాడాయన. మళ్ళీ అదే మాట అన్నాడు.

సంగతి ఇంతే. ఇంజన్ గాలి పీల్చే దారిలో ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. ఎక్సలేటర్ తొక్కితే అది తెరుచుకుంటుంది, వదిలేస్తే మూసుకుంటుంది. మూసి ఉండగా ఇంజన్‌ని తిప్పితే ముక్కు పట్టుకుని ఊపిరి పీల్చమన్నట్టే. ఎంత మంచి సిలిండరైనా లోపలికి రాని గాలిని అదమలేదు. నాలుగింటికీ అదే కొరత కాబట్టి నాలుగింటికీ అదే అంకె. ఎదుటి షెడ్డులో సీట్లో మనిషి తొక్కి ఉంచుతాడు, అందుకే అక్కడ సరిగ్గా వచ్చింది. ఆ రేకు తలుపులు మేస్త్రీ ఎన్ని వందలు విప్పి కడిగాడో లెక్కలేదు. గేజీ దగ్గర మాత్రం దాని గురించి ఆలోచించాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు. ఆయన గేజీ వైపు నుంచే నేర్చుకున్నాడు. ఆ సీట్లో ఎన్నడూ కూర్చోలేదు.

టాక్సీ అక్క లేచి నిలబడింది. "అన్నయ్యా, ఇందాక నూట పద్నాలుగన్నావు, ఇప్పుడు నూట అరవై అంటున్నావు. నా బతుకు దీని మీదుంది. ఏది నమ్మను?"

"నువ్వు నమ్మడం తర్వాత, నేను నమ్మాలి" అన్నాడాయన. కూతుర్ని దిగమన్నాడు. "నువ్వు గేజీ పట్టుకో. నేను కూర్చుంటా. ముల్లు ఎక్కడాగితే అక్కడిది గట్టిగా చెప్పు."

ఆ అమ్మాయి బట్టలకి మడ్డి అంటకుండా, మేకుకి వేలాడుతున్న తండ్రి ఖాకీ చొక్కా పైన తొడుక్కుంది. చేతులు పొడవై మణికట్టు దాటాయి. బానెట్ ముందుకెళ్ళి నిలబడింది. మేస్త్రీ సీట్లో కూర్చున్నాడు. నేను పక్క తలుపు దగ్గర ఉన్నాను, అందుకే ఆయనకి కనపడింది నాకూ కనపడింది.

ఎదురుగా పైకెత్తిన రేకు. దారి లేదు, వీధి లేదు, మనిషి లేడు. రేకు అంచుకీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంది. ఆ సందులోంచి గేజీ ముల్లు కనపడదు. ఖాకీ చెయ్యొకటి, గేజీ పట్టుకున్న పిడికిలీ కనపడతాయి.

"కాలు తీసి" అన్నాడాయన, తాళం తిప్పుతూ.

చప్, చప్, చప్. "నూట పద్నాలుగు" అంది రేకు అవతలి గొంతు. సందులో పిడికిలి కొంచెం కిందికి జారింది.

ఆ జారడం చూసి ఆయన ముఖం ఎలా అయిందో నేను రాయలేను. "చూశావా" అన్నాడు నాతో, చాలా మెల్లగా. "అంకె తక్కువొస్తే చెయ్యి దిగుతుంది. నా చెయ్యీ అలాగే దిగేదేమో. ఆవిడకి ముల్లు కనపడదు. ఈ చెయ్యే కనపడేది. ఏం చేస్తే ఇది లేస్తుందో వెతుక్కుని ఉంటుంది."

"నాన్నా, రెండోది బిగించాను. తిప్పు."

ఆ మాట ఆ చొక్కాలోంచి వచ్చేసరికి ఆయన ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఖాకీ చేతితో, ఆ రేకు వెనకనుంచి ఆ మాట అంటూ వచ్చింది ఆయనే. అవతల నిలబడింది తనైతే, ఇవతల కూర్చున్నది ఎవరు? వెన్ను నిటారుగా పెట్టి, పాదం అడుగంటా తొక్కాడు.

చప్, చప్, చప్, చప్, చప్. పిడికిలి లేచింది. "నూట అరవై ఒకటి!"

మూడోది నూట యాభై ఎనిమిది. నాలుగోది బిగించేటప్పుడు టాక్సీ అక్క పెదాలు బిగపట్టి రేకు పక్కన నిలబడింది. చప్పుడు ఆగింది.

"నూట యాభై తొమ్మిది నాన్నా."

"ఇంజన్ బతికే ఉంది. అమ్మొద్దమ్మా" అన్నాడు మేస్త్రీ సీట్లోంచే. "ఊపిరి బాగానే పీలుస్తోంది. వదల్లేకపోతోందేమో, సైలెన్సర్ విప్పి చూస్తా. తుక్కువాణ్ణి రావద్దని చెప్పెయ్."

టాక్సీ అక్క చీర చెంగుతో ముఖమంతా ఒక్కసారి తుడుచుకుని, "ముందే తొక్కి ఉంటే నాకీ గుండె దడ తప్పేదిగా" అని ఫోన్ తీసింది.

"మాస్టారి బండి..." అన్నాడాయన నాతో. "బాగున్నదాన్ని పోయిందని చెప్పి పంపేశాను. ఈ సాయంత్రం వెళ్ళి ఆయనకి చెప్పాలి."

కూతురు గేజీ విప్పేసింది. సందులోంచి ఖాకీ చెయ్యి మాయమైంది. బానెట్ అవతల చొక్కా విప్పుతున్న చప్పుడు వినిపించింది.

"నాన్నా, అయిపోయింది. ఇక కాలు తీసెయ్యి."

"తీస్తా" అన్నాడాయన.

నేను కిందికి చూశాను. పెడల్ ఇంకా అడుగంటా దిగే ఉంది.